ఇంటిపేరు లేని ముప్పై ఏడుగురు

నిసానె కోపిష్టి మనిషని సొదెర్‌తెల్యెలో మన ఐన్‌గవ్రో ఊరి నుంచి వలసవచ్చినవాళ్ళందరికీ తెలుసు. స్టేషను వెనక ఆమె కుట్టు దుకాణంలో ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వెళ్ళినవాడు, ప్యాంటుతో పాటు నాలుగు చివాట్లు కూడా మోసుకుని బయటికొస్తాడు. అరవై దాటాక మనుషులు మెత్తబడతారంటారు. నిసానె మెత్తబడలేదు. మెత్తబడకపోవడమే మంచిదయింది, లేకపోతే నేనిప్పుడు చెప్పబోయేది జరిగేది కాదు.

పదిహేడేళ్ళకు ఆమెకు పెళ్ళయింది. ఇరవయ్యేళ్ళకు మన క్రైస్తవుల ఊళ్ళున్న తూర్ అబ్దీన్ కొండలు వదిలి మొగుడి వెంట ఈ చలిదేశానికి వచ్చింది. లారీల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు సీట్లు కుట్టింది. మొగుడు పోయాక తన పేరు మీద చిన్న దుకాణం తెరిచింది. ఇంతవరకూ ఆమె కథ మన వీధిలో ఏ ఆడదాన్ని అడిగినా చెప్పే కథే. తేడా ఏమిటంటే, ఆమె బల్ల కింద పెడళ్ళు రెండు. ఒకటి కుట్టుమిషనుది, రెండోది టేపులది.

ఆ రెండో పెడల్ మల్కే తెచ్చిపెట్టాడు. మల్కే యూనివర్సిటీలో పరిశోధకుడు, మన ఊరి మనవడే, కానీ పుట్టింది ఇక్కడి ఆసుపత్రిలో. మనవాళ్ళను ఊళ్ళకు ఊళ్ళుగా నరికిన ఆ పందొమ్మిది వందల పదిహేనో సంవత్సరాన్ని, మనం సైఫో అని, అంటే కత్తి అని పిలుచుకునే దాన్ని, అతను చదువుగా ఎంచుకున్నాడు. ఎనభైలలో ఒక ఫాదర్ బతికున్న ముసలివాళ్ళందరి ముందూ టేప్ రికార్డరు పెట్టి చెప్పించిన క్యాసెట్లు నూట పన్నెండు మన ఊరి సంఘం బీరువాలో మూలుగుతుంటే, వాటిని బయటికి తీయించినవాడు అతనే. ఆ గొప్ప అతనికి ఇవ్వాలి. కానీ పళ్ళూడిన నోళ్ళలోంచి వచ్చే ఊరి యాస, మధ్యమధ్య దొర్లే కుర్దు మాటలు అతనికి కొరుకుడు పడలేదు. అందుకని టేపు విని అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టే మనిషి కావలసి వచ్చింది. కాలితో నొక్కితే టేపు ఆగుతుంది, ఇంకోవైపు నొక్కితే వెనక్కి వెళ్తుంది. "ముప్పయ్యేళ్ళుగా కాళ్ళతోనే బతుకుతున్నాను, ఇదో లెక్కా" అంది నిసానె. అలా పదకొండేళ్ళు చెవుల్లో చచ్చినవాళ్ళు మాట్లాడుతుంటే, చేతుల్లో బతికున్నవాళ్ళ బట్టలు కుట్టింది.

దుకాణానికి వచ్చినవాళ్ళలో ఆమె నెత్తిన పెట్టుకుని టేపు వినే ఆ చెవి యంత్రం సంగతి అడిగేది ష్మూని ముసలమ్మ ఒక్కతే. ష్మూనికి తొంభై ఒకటి. మన సంఘం అధ్యక్షుడు షాబోకి తల్లి. నాలుగు చక్రాల ఊతబండి తోసుకుంటూ ఏటా జూన్‌కి ముందు తన నల్లగౌను తెస్తుంది. ఏడాదికేడాది ఆవిడ కుంగిపోతోంది కాబట్టి గౌనుకి ఏటా ఒక వేలెడు మడత పడుతుంది.

"ఇవాళ నీ చెవిలో ఎవరే?" అంటుంది కూర్చోగానే.

"మీకెందుకు పెద్దమ్మా, కదలకుండా నిలబడండి. గుండుసూది గుచ్చుకుంటే మళ్ళీ నన్నే తిడతారు."

"మా అమ్మ గురించి ఎవరన్నా చెప్పారా?"

ఆ మాట దగ్గర నిసానె నోట్లో గుండుసూదులు పెట్టుకునేది. నోట్లో సూదులుంటే జవాబు చెప్పక్కర్లేదు కదా. అబద్ధం ఆడడం ఆమెకు చేతకాదు, నిజం చెప్పే హక్కు తనకు లేదు.

ఎందుకంటే ముప్పై ఒకటో టేపు. అది నిసానె సొంత నానమ్మ నజ్మెది. ఆ గొంతు చెవిలో పడ్డ రోజు ఆమె ఒక పెడల్ బదులు ఇంకో పెడల్ నొక్కింది. టేపు ఆగలేదు, మిషను కదిలింది, సూది చూపుడువేలి గోట్లోంచి దిగింది. రక్తం పెళ్ళివారి తెల్లగుడ్డ మీద పడింది. గుడ్డ పాడైనందుకు తర్వాత తిట్టుకుంది కానీ, అప్పుడు మాత్రం వేలు నోట్లో పెట్టుకుని టేపు చివరిదాకా విన్నది.

నజ్మెకి అప్పుడు తొమ్మిదేళ్ళు. అక్క సైదెకి పద్నాలుగు. సైదె చెల్లెల్ని గోధుమల గాదెలో దూర్చి, పైన గోనె కప్పి, తాను గాదె ముందు నిలబడింది. మగవాళ్ళందరినీ అప్పటికే నరికేశారు. ఆడపిల్లల్ని వరసలో నిలబెట్టి ఏరుకున్నారు. సైదెని ఒకడు తీసుకుపోయాడు, పక్కింటి హతూనెని ఇంకొకడు. ఏడేళ్ళ తర్వాత హతూనె ఒక్కతే తిరిగొచ్చింది. రవిక ముందు పాలతో తడిసి ఉంది, చంకలో బిడ్డ లేదు. సైదె బతికే ఉందనీ, పేరు మార్చారనీ, ఇద్దరు పిల్లలనీ చెప్పింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు. "హతూనె సంగతి రాయకండి ఫాదర్, ఆమెకు పెళ్ళయింది, కూతురుంది" అంటుంది నజ్మె టేపులో. కాసేపు దగ్గుతుంది. "కత్తికి పోయినవాళ్ళని చర్చిలో తలుచుకుంటారు. వాళ్ళెత్తుకుపోయిన ఆడపిల్లల్ని ఎవరు తలుచుకుంటారు? మా అక్క పేరు రాసుకోండి. సైదె. రాశారా? సైదె." ఫాదర్ రాశానని చెప్పినా ఆవిడ నమ్మలేదు. మూడోసారి కూడా చెప్పింది.

హతూనె కూతురే ష్మూని. అంటే హతూనె షాబోకి సొంత అమ్మమ్మ.

నిసానె నానమ్మకి మాట ఇవ్వలేదు, ఇవ్వడానికి నానమ్మ బతికి లేదు. కానీ ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే పట్టుదల. జూన్ పదిహేనున సైఫో స్మరణలో సైదె పేరు మైకులో వినబడాలి. అంతకుముందు పేర్లు చదివేవాళ్ళు కాదు, మొత్తం ఇంతమంది అని చెప్పి కొవ్వొత్తి వెలిగించేవాళ్ళు. మల్కే పుస్తకం సిద్ధమైంది కాబట్టి ఈ ఏడు మొదటిసారి అతని పుస్తకం చివర పట్టికలోంచి ఒక్కొక్క ఇంటివాళ్ళూ వచ్చి తమ ఇంటివాళ్ళ పేర్లు చదవాలని నిర్ణయించారు. పదకొండేళ్ళ చాకిరీ దీనికోసమే అనుకుంది నిసానె.

మే నెలలో మల్కే పుస్తకం అచ్చుకి ముందు కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టి, అచ్చుతప్పులు చూడమన్నాడు. ఆమె పట్టిక తెరిచి వేలు పెట్టి కిందికి దింపింది. నాలుగు వందల పన్నెండు పేర్లు. మళ్ళీ పై నుంచి దింపింది. సైదె లేదు. హతూనె లేదు. ఎత్తుకుపోయిన ముప్పై ఏడుగురిలో ఒక్కరూ లేరు. తాను టేపులోంచి ఒక్కొక్కరినీ చేత్తో పట్టుకుని బయటికి లాగినట్టు రాసిన పేర్లు. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంది. "వీరు కాక మరికొందరు స్త్రీలు అపహరణకు గురయ్యారు."

"మరికొందరా?" అంది నిసానె. గొంతు పెంచలేదు. ఆమెను తెలిసినవాళ్ళకి అది ఇంకా ప్రమాదం.

మల్కే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పిన్నీ, పట్టికలో ప్రతి పేరు పక్కనా ఇంటిపేరు గడి ఉంది కదా. బే-గల్లో, బే-మక్సీ, బే-షరో అని. ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి పేర్లు చూసి, అవును మావాళ్ళే అని సంతకం పెట్టారు. వీళ్ళకి ఎవరూ పెట్టలేదు. అన్నదమ్ముల ఇళ్ళు మాకొద్దన్నాయి. అత్తింటివాళ్ళంటావా, ఎత్తుకుపోయినవాళ్ళే. గడి ఖాళీగా ఉన్న వరసలు తీసేయాల్సి వచ్చింది."

"తీసేయాల్సి వచ్చిందా, తీసేశావా?"

"టేపులు సంఘానివి పిన్నీ. షాబో బాబాయ్ సంతకం లేకుండా నేనో ముక్క అచ్చు వేయలేను. ఆయన ఒకటే మాటన్నాడు, ఆడవాళ్ళ సంగతి ఎత్తితే సంతకం లేదని. పుస్తకం ఆగిపోతే ఆ నాలుగు వందలమంది కూడా ఆగిపోతారు. అసలేమీ జరగలేదని బయట వాదించేవాళ్ళ నోరు మూయించాలా వద్దా?"

అరికాలి మంట నెత్తికెక్కింది నిసానెకి. "వాళ్ళు నాలుగొందలమంది లేరంటున్నారు. నువ్వు ముప్పై ఏడుగురు లేరంటున్నావు. వాళ్ళకీ నీకూ తేడా అంకెలోనే కదరా."

"అలా అనకు పిన్నీ."

"అంటాను. గాదె ముందు నిలబడ్డ పిల్ల అది. అది పక్కకి తప్పుకుని ఉంటే మా నానమ్మ లేదు, మా నాన్న లేడు, నేను లేను. నీ పెడల్ తొక్కేవాళ్ళూ లేరు. అలాంటిదానికి నీ కాగితంలో గడి లేదు!" కాగితాలు దొంతర పెట్టి అతని చేతిలో కుక్కింది. "అచ్చుతప్పులేమీ లేవు. తీసుకుపో."

మల్కే చెడ్డవాడు కాదు. అదే ఒళ్ళు మండిస్తుంది. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. మంచివాడు, చదువుకున్నవాడు, రాత్రింబగళ్ళు ఈ పని మీదే కూర్చున్నవాడు, ఒక ముసలాడి సంతకం కోసం చల్లగా ముప్పై ఏడు వరసలు చెరిపేసి ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు.

మర్నాడు ఆమె సంఘం హాలుకి వెళ్ళింది. షాబో ఇద్దరు మగవాళ్ళతో పాచికల బల్ల ముందు టీ తాగుతున్నాడు. నిసానెని చూసి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"సైదె పేరు ఎందుకు తీయించారు అన్నా?"

"అమ్మా నిసానె, నువ్వు తెలివిగలదానివి," అన్నాడు షాబో, తెలివితక్కువవాళ్ళతో మాట్లాడేటప్పుడు వాడే గొంతుతో. "కత్తికి తల ఇచ్చినవాళ్ళు అమరులు. మతం మార్చుకుని, వాళ్ళ ఇళ్ళల్లో పిల్లల్ని కని బతికిపోయినవాళ్ళని ఆ పక్కన ఎలా కూర్చోబెడతాం? బిషప్పుగారు వస్తారు, మునిసిపాలిటీవాళ్ళు వస్తారు. అందరి ముందూ మన ఆడవాళ్ళ గుట్టు మైకులో చదవమంటావా?"

"బతికిపోయారా? పద్నాలుగేళ్ళ పిల్ల. మీ మనవరాలికెన్నేళ్ళు ఇప్పుడు?"

"నా మనవరాలిని ఇందులోకి లాగకు."

"ఎందుకు లాగకూడదు? మార్చుకుందన్నారే, అడిగి మార్చారా దాన్ని? గొంతు మీద కత్తి పెడితే మీరేం చేసేవారు, కీర్తన పాడేవారా?"

పాచికలాడే ఇద్దరూ బల్ల వంక చూస్తూ కూర్చున్నారు. షాబో మొహం కందగడ్డయింది. "ఏ ఇల్లూ వాళ్ళని మాదనలేదు. ఇల్లు లేని పేరు నేనెలా చదివించను? ఏ ఇంట్లోనైనా అలాంటివాళ్ళున్నారని చెప్పు, నేను ఇప్పుడే సంతకం పెడతా."

మీ ఇంట్లోనే అన్న మాట నిసానె నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే ఆ హాలులో ఒక్క క్షణంలో అతని మీసం దిగిపోయేది. అనాలనీ ఉంది. చెవిలో నానమ్మ దగ్గు వినబడింది. హతూనె సంగతి రాయకండి ఫాదర్. ఆ మాటని ఒక ముసలి ఆడమనిషి చచ్చేదాకా కాపాడుకొచ్చింది, ఈ అవివేకి కోసం దాన్ని ఖర్చు పెట్టడమా? నిసానె పళ్ళు బిగబట్టి బయటికొచ్చేసింది. బస్సు కూడా ఎక్కకుండా ఇంటిదాకా నడిచింది, దారిలో పలకరించిన ఇద్దరిని కసిరింది.

దుకాణంలో ఆ వారమంతా ఆమె ఎవరి బట్టలూ ముట్టుకోలేదు. పదకొండేళ్ళ నోటుపుస్తకాలు తీసి పేర్లు ఒక్కొక్కటే తెల్లకాగితం మీద ఎక్కించింది. మొత్తం ముప్పై ఏడు. ఇల్లు లేదట. మన ఊళ్ళో ఇల్లంటే ఏమిటి? ఎప్పుడో ఎవడో గల్లో అనేవాడు బతికాడు, వాడి పిల్లలు బే-గల్లో అయ్యారు. ఎవడో యాత్రకెళ్ళొచ్చి మక్సీ అనిపించుకున్నాడు, వాడివాళ్ళు బే-మక్సీ అయ్యారు. ఒక మగాడి పేరు ముందు బే అని తగిలిస్తే ఇల్లు లేచి నిలబడుతుంది. నిసానె ఆ కాగితం పైన చేత్తో రాసింది, బే-సైదె.

జూన్ పదిహేను మధ్యాహ్నం. చర్చిలో పూజ అయ్యాక అందరూ పక్క హాలులోకి వచ్చారు. వంటింట్లో మాంసం కూరిన కుత్లె ఉండలు ఉడుకుతున్న వాసన. ముందు వరసలో బిషప్పు, ఆ పక్కన మునిసిపాలిటీ వాళ్ళిద్దరు, వెనక అతిథుల్లో మల్కే. షాబో మైకు దగ్గర నిలబడి ఒక్కొక్క ఇంటినీ పిలుస్తున్నాడు. ఇంటి పెద్ద వచ్చి పేర్లు చదువుతాడు, ఆ ఇంటివాళ్ళందరూ లేచి నిలబడతారు, హాలంతా "ప్రభువు కరుణించుగాక" అంటుంది. బే-గల్లో పేర్లకి పది నిమిషాలు పట్టింది. బే-మక్సీ నిసానె అత్తవారిల్లు. మరిది చదువుతుంటే ఆమె కూడా లేచి నిలబడింది, వాళ్ళూ చచ్చినవాళ్ళే, వాళ్ళ మీద ఆమెకు కోపమేముంది? ఆఖరున బే-షరో అయింది. షాబో కాగితం మడిచి, "దీంతో మన ఊరి ఇళ్ళన్నీ అయ్యాయి" అన్నాడు.

"ఇంకో ఇల్లుంది," అంది నిసానె. అప్పటికే మైకు దగ్గరికి వచ్చేసింది.

"ఏ ఇల్లు?"

"బే-సైదె."

షాబో గొంతు తగ్గించాడు. "మన ఊళ్ళో అలాంటి ఇల్లు లేదు. వెళ్ళి కూర్చో, నవ్వులపాలు చేయకు."

నిసానె అతన్ని మోచేత్తో పక్కకి నెట్టింది. నెట్టిందనే చెబుతాను, తప్పుకోమని కోరిందని అబద్ధం చెప్పను. "బే-సైదె," అంది మైకులో. "ముప్పై ఏడుగురు. సైదె, పద్నాలుగేళ్ళు. బహియ్య, పదకొండేళ్ళు. రీహానె, పెళ్ళయిన నెలకి. సుల్తానె..."

మైకు టక్కున ఆగిపోయింది. షాబో తీగ లాగేశాడు. లాగితే ఏం? ఫ్యాక్టరీలో అరవై మిషన్ల చప్పుడు మీద అరిచి మాట్లాడిన గొంతు అది. నిసానె కాగితం రెండు చేతులా పట్టుకుని చదువుతూనే ఉంది. హాలులో ఒక్కరూ కరుణించుగాక అనలేదు. ఏ ఇంటివాళ్ళూ లేవలేదు. లేస్తే తమ ఇంట్లో ఎవర్నో ఎత్తుకుపోయారని ఒప్పుకున్నట్టే, ఆ సంగతి అందరికీ తెలుసు. ముందు వరసలో బిషప్పు తన మోకాళ్ళ వంక చూసుకుంటున్నాడు. ఆమె ఆగలేదు.

"హతూనె, పదహారేళ్ళు," అని చదివింది. హతూనెలు ఊరికి ముగ్గురుంటారు, ఎవరికీ తెలియదులే అనుకుంది.

కుడివైపు ఊతబండి చక్రం కిర్రుమంది. ష్మూని లేస్తోంది. నిసానె వేలెడు మడత పెట్టిన నల్లగౌను ఒక చేత్తో సర్దుకుంటూ, రెండో చేత్తో బండి పట్టుకుని, చాలాసేపు పట్టింది కానీ లేచి నిలబడింది.

షాబో పరుగున వచ్చాడు. "అమ్మా, కూర్చో. పొరపాటు పడ్డావు, అది మనిల్లు కాదు."

"మా అమ్మది ఏ ఇల్లో నాకు తెలీదట్రా?" అంది ష్మూని, హాలంతా వినబడేట్టు. తర్వాత నిసానె వైపు తిరిగి, "ఆగావేం? చదవవే," అని కసిరింది. "ప్రభువు కరుణించుగాక."

నిసానె చదివింది. అక్షరాలు అలుక్కుపోయాయి కాని ఆ పేర్లకి కాగితం అవసరం లేదు ఆమెకు. ముప్పై ఏడో పేరు వచ్చేసరికి హాలులో పదకొండుమంది నిలబడి ఉన్నారు. అందరూ ఆడవాళ్ళే. మగవాళ్ళు ఒక్కరూ లేవలేదు. ఇది కూడా రాసి పెట్టుకోవలసిన సంగతే.

మర్నాడు పొద్దున మల్కే దుకాణానికి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. షాబో సంతకం పెట్టాడట, ముసలమ్మ నెత్తిన కూర్చుని పెట్టించిందట. పట్టికలో ఆఖరి ఇల్లుగా బే-సైదె ఎక్కిస్తానన్నాడు. "ఆ కాగితం ఇస్తావా పిన్నీ? ముప్పై ఒకటో టేపు రాసిన ఫైలు కూడా. నేను సరిగ్గా చదవలేదనుకుంటా."

"చదవలేదు, వినలేదు కూడా," అంది నిసానె. "పదకొండేళ్ళు నీ బదులు నేను విన్నాను. నువ్వు నా రాతల్లోంచి అంకెలు ఏరుకున్నావు. కాగితం ఇవ్వను. కూర్చో."

ముప్పై ఒకటో టేపు వేసి, చెవి యంత్రం తీసి అతని నెత్తిన పెట్టింది. బల్ల కింది పెడల్‌ని కాలితో అతని వైపు తోసింది. యాస అర్థం కాదని అతను నసిగాడు. "అర్థమయ్యేదాకా విను," అని తన మిషను ముందు కూర్చుని, ఎన్నాళ్ళుగానో ఆగిపోయిన ఒక ప్యాంటు జిప్పు అందుకుంది.

చాలాసేపటికి తలెత్తి చూసింది. మల్కే కాలు పెడల్‌ని వెనక్కి నొక్కింది, వదిలింది, మళ్ళీ వెనక్కి నొక్కింది. పెన్ను ముట్టుకోలేదు. అతను మూడోసారి వెనక్కి తిప్పాడు. టేపులో ఏ చోటో ఆమె అతన్ని అడగలేదు, నానమ్మ ఆ పేరు మూడోసారి చెప్పిన చోటు ఆమెకు కంఠస్థమే.